ఇల్మా కోసిన గాలపుకర్ర

వైనో ఎరల కొట్లో వెనక గోడకి రెండు మేకులున్నాయి. వాటి మీద ఎవరి తెడ్డు కనిపిస్తే వాళ్ళు రెండు వారాలు వేటకి వెళ్ళకూడదని లెక్క. ఇది ప్రభుత్వం పెట్టిన నిబంధన కాదు. కొలంబియా నది సముద్రంలో కలిసే మా ఆస్టోరియాలో, ఒక్క మనిషి పైన కూర్చుని తెడ్డు వేసుకునే కయాక్ అనే సన్న పడవ మీద వెళ్ళి స్టర్జన్ చేపని పట్టేవాళ్ళం ఏడెనిమిది మందిమి ఉన్నాం. మాకు మేమే పెట్టుకున్న కట్టుబాటు ఇది. సరిగ్గా చెప్పాలంటే ఇల్మా కువోప్పాలా పెట్టింది, మేం ఒప్పుకున్నాం.

కట్టుబాటు చిన్నదే. గాలం తగిలిన నిమిషం నుంచి అరగంట. ఆలోపు చేపని పడవ పక్కకి తెచ్చి, నీళ్ళలోంచి పైకెత్తకుండా గాలం తీసి వదిలెయ్యాలి. అరగంట దాటితే కత్తి తీసి దారం కోసెయ్యాలి. మా గాలాలకి ఎదురుముల్లు ఉండదు కాబట్టి, దారం తెగిన చేప నోట్లోంచి అది రెండు రోజుల్లో ఊడిపోతుంది. కొయ్యకుండా పంతానికి పోయినవాడి తెడ్డు గోడకెక్కుతుంది.

మే నెలలో అలా ఎక్కింది డెల్ హార్గెట్ తెడ్డు. డెల్ అంటే ఇల్మా చెల్లెలు సిల్వి మొగుడు. పాతికేళ్ళు దుంగల లారీ నడిపాడు. చేతులు దుంగల్లా ఉంటాయి, గొంతు లారీ హారన్‌లా ఉంటుంది.

"ఇరవై నిమిషాలు ఎక్కువైంది, అంతేగా వదినా! హంతకుణ్ణి చూసినట్టు చూస్తావేం?" అన్నాడు ఆ రోజు కొట్లో నిలబడి.

"యాభై నిమిషాలు పట్టావు మరిదీ. అందులో ఆఖరి పది నిమిషాలు ఫొటో కోసం."

"ఎనిమిదడుగుల చేప అది. ఫొటో లేకపోతే ఎవడు నమ్ముతాడు?"

"నువ్వు చెప్పిందేదైనా ఇంతకుముందు ఎవరైనా నమ్మారా? తెడ్డు ఇటివ్వు."

కౌంటర్ వెనక కాఫీ పోస్తున్న వైనో నవ్వు ఆపుకోలేక కెటిల్ కింద పెట్టేశాడు. వైనోకి డెబ్భై ఎనిమిదేళ్ళు. మా అందరికీ బాబాయే. డెల్ తెడ్డు ఇచ్చాడు. ఇల్మా ఆ తెడ్డుని తనే మేకుల మీద పెట్టి, వంకర లేకుండా సర్ది, యాలకుల రొట్టె ఒక ముక్క తెంచి డెల్ చేతిలో పెట్టింది. గొడవ అక్కడితో సరి.

ఇల్మాకి అప్పుడు అరవై మూడేళ్ళు. ఈ ఊళ్ళోనే పుట్టింది. వాళ్ళ తాత ఫిన్లండ్ నుంచి వచ్చి ఇదే నదిలో సాల్మన్ వలలు వేశాడు. ఇల్మా వల పట్టలేదు, కత్తి పట్టింది. చేపలు డబ్బాల్లోకెక్కించే ఫ్యాక్టరీలో కోత బల్ల దగ్గర ముప్పై ఒక్క సంవత్సరాలు నిలబడింది. ఆమె కోసిన సాల్మన్ ముక్క చూస్తే ముల్లు తీశారో, చేపకి అసలు ముల్లే పుట్టలేదో అర్థమయ్యేది కాదు. ఫ్యాక్టరీ మూతపడిన ఏడాది, ఎవరో ఇంటి ముందు అమ్మకానికి పెట్టిన పసుప్పచ్చ కయాక్ ఒకటి అడుగు పగిలిపోయి ఉంటే తెచ్చి నా షెడ్డులో పడేసింది. నేను పడవ మోటార్లు బాగుచేస్తాను.

"ఇది అతకడం ఎలాగో చూపించు ఎన్సియో. అతకొద్దు, చూపిస్తే చాలు," అంది.

చూపించాను. ప్లాస్టిక్ కడ్డీ కరిగించి తనే అతికించుకుంది. మొదటి అతుకు కారింది. రెండోది కారలేదు. ఇప్పటికీ అదే పడవ, అదే అతుకు.

స్టర్జన్ పట్టడం కూడా ఎవరూ నేర్పలేదు. ఈ చేపకి పొలుసులుండవు. వీపు మీదా పక్కల్లోనూ వరసగా ఎముక పలకలుంటాయి. మూతి కింద నాలుగు మీసాలు. బురదలో తడుముకుంటూ తిరుగుతుంది. వందేళ్ళు బతికేది కూడా ఉంటుందంటారు. మనిషిని మించిన పొడుగు, మనిషికి రెండింతల బరువు. అలాంటిదాన్ని మూరెడు వెడల్పు పడవలో కూర్చుని పట్టాలంటే బలం కన్నా వరస ముఖ్యం. ఏ పని తర్వాత ఏ పనో చేతికి తెలిసి ఉండాలి. లంగరు తాడు చివర ఒక పెద్ద బెండు కట్టి ఉంటుంది. గాలం తగిలిందనగానే మొట్టమొదట ఆ తాడు పిన్ను లాగి బెండు వదిలెయ్యాలి. లంగరు, బెండు అక్కడే ఉండిపోతాయి. చేప మనల్ని పడవతో సహా లాక్కుపోతుంది. వదలకపోతే లంగరు ఒకవైపు, చేప ఒకవైపు లాగి పడవ బోర్లాపడుతుంది. పని అయ్యాక బెండు దగ్గరికి తిరిగొచ్చి మళ్ళీ తగిలించుకోవాలి. ఇల్మా ఈ పిన్ను లాగడం కళ్ళు మూసుకుని, ఎడం చేత్తో, చలికాలం చేతితొడుగులతో, రోజుకి యాభైసార్లు ఇంటి వరండాలో సాధన చేసింది. అలా చెయ్యలేనివాళ్ళని ఇప్పటికీ తన పక్కన లంగరు వెయ్యనివ్వదు.

అరగంట కట్టుబాటు ఎందుకు పెట్టిందంటే, ఎనిమిదేళ్ళ కిందట ఊరి పక్కనున్న యంగ్స్ బే ఒడ్డున ఇసుక మీద చచ్చిపడి ఉన్న స్టర్జన్ ఒకటి ఆమెకి కనిపించింది. నేనూ ఉన్నాను. ఏడడుగుల ఆడ చేప. నోట్లో ఎవరిదో గాలం. జేబులోంచి కత్తి తీసి మెడ నుంచి తోక దాకా ఒకే కోతలో విప్పింది. కడుపు నిండా నల్లటి గుడ్లు. గాయం లేదు, రోగం లేదు. పొట్ట కింద చర్మం మాత్రం ఎర్రగా కమిలి ఉంది.

"అలిసిపోయి చచ్చింది," అంది. "ఎవడో గంటా గంటన్నరా ఆడుకుని, వదిలేశాను కదా అని సంబరంగా ఇంటికెళ్ళి ఉంటాడు. ఇది గుడ్లు పెట్టే వయసుకి రావడానికే ఇరవై ఏళ్ళు పడుతుంది ఎన్సియో."

మర్నాడు వైనో కొట్లో మేకులు కొట్టింది.

ఇక అసలు సంగతి. ఇల్మా కుడి భుజం పాడైపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళ కోత బల్ల ఆ భుజంలో ఉంది. డాక్టరు సూది మందు వేశాడు, వ్యాయామాలు చెప్పాడు, ఆపరేషన్ వల్ల పెద్ద లాభం లేదన్నాడు. చెయ్యి భుజం ఎత్తు దాకా లేస్తుంది, ఆ పైన లేవదు. ఇదంతా మాకు తర్వాత తెలిసింది. ఆమె మాత్రం ఏప్రిల్‌లోనే ఎవరికీ చెప్పకుండా ఒక పని చేసింది. ఎనభై పౌన్ల లాగుడుకి ఆగే దారం చుట్టిన మందపాటి గాలపుకర్ర లేవడం లేదని, దాన్ని అటకెక్కించి, సాల్మన్ పట్టే సన్నటి తేలిక కర్ర, ముప్పై పౌన్ల దారం తీసుకుని నదికి వెళ్ళడం మొదలుపెట్టింది. రెండు నెలలు చిన్న చేపలే తగిలాయి. ఇబ్బంది రాలేదు.

జూన్ మూడో ఆదివారం ఒక్కతే వెళ్ళింది. మాలో అరగంట గురించి మాట్లాడే అర్హత అందరికన్నా ఎక్కువ ఉన్న మనిషి ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి తిరిగొచ్చింది. పోటు నీళ్ళతో లోపలికి వెళ్ళి, పాటు మొదలయ్యేలోపు ఒడ్డుకి రావాలి. మాకిది అన్నం తినడం లాంటి అలవాటు. పాటు మొదలైతే నీళ్ళన్నీ నది మొగ వైపు, అక్కడ విరిగే కెరటాల వైపు పరిగెడతాయి. ఆ రోజు పాటు పదకొండింటికే మొదలైంది.

నేనూ డెల్లూ రేవు మీద నిలబడి ఉన్నాం. కోస్ట్ గార్డ్‌కి ఫోన్ చేద్దామని డెల్ ఫోన్ చేతిలో పట్టుకున్నాడు. అంతలో ఒడ్డు వెంబడి, ఒరుసుకుంటూ వస్తున్న పసుప్పచ్చ పడవ కనిపించింది.

"ఏమైంది వదినా? సిల్వి ఏడుస్తోంది ఇంట్లో!"

"దాన్ని ఏడుపాపి కాఫీ పెట్టమను. పడవ పట్టుకో ముందు."

దిగి, తెడ్డు చేత్తో పట్టుకుని, ఒంటి మీద నీళ్ళలో వేసుకునే రబ్బరు సూటుతోనే తిన్నగా వైనో కొట్లోకి నడిచింది. మేం వెనకాల వెళ్ళేసరికి తెడ్డు ఎడం చేత్తో మేకుల మీద పెడుతోంది.

వైనో కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఎవరిదే అది?"

"నాదే బాబాయ్. డెబ్భై రెండు నిమిషాలు."

 "డెబ్భై రెండా!" అన్నాడు డెల్. ఆ గొంతులో వెటకారం ఉంటుందనుకున్నాను. లేదు.

ఇల్మా స్టూలు మీద కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పింది. పెద్ద చేప తగిలింది. బెండు వదిలింది. సన్నటి కర్ర విల్లులా వంగింది కానీ చేప మీద పట్టు లేదు. దారం చుట్టిన రీలుకి బ్రేకు బిగిస్తే దారం తెగుతుంది, వదిలితే చేప పోతుంది. అరగంట అయింది. కత్తి తీసింది. అప్పుడే చేప పైకి తేలి వీపు కనిపించింది.

"ఇంకో అయిదు నిమిషాలు అనుకున్నాను. మరిదీ, నువ్వు మేలో ఏం చేశావో అచ్చంగా అదే. చేతిలో కత్తి ఉంది. ఈ చెయ్యి దారం కొయ్యనంది. అయిదు పోయి పది, పది పోయి నలభై."

చేప పక్కకొచ్చేసరికి పొట్ట తిరగేసింది. పొట్ట కింద ఎర్రబారింది. గాలం తియ్యగానే రాయిలా మునగబోయింది. తోక మొదలు పట్టుకుని ఆపింది. పడవలో కూర్చుంటే దాన్ని నిలబెట్టడం కుదరదని, తెడ్డుతో ఇసుక మేట మీదకి నెట్టుకెళ్ళి, నడుం లోతులో దిగింది. పడవ తాడు కాలికి కట్టుకుంది. అప్పటికి పాటు మొదలైంది. చేప తలని ప్రవాహానికి ఎదురు పెట్టి రెండు చేతులతో పట్టుకుంది. పారే నీళ్ళు దాని నోట్లోంచి మొప్పల్లోకి వెళ్ళేలా.

"నలభై నిమిషాలు పట్టుకున్నాను. ఒకసారి మొప్ప కదిలింది. చాలాసేపటికి ఇంకోసారి. తర్వాత వరసగా. ఆ తర్వాత ఒక్క తన్ను తన్నింది, నన్ను వెనక్కి పడేసి పోయింది."

"పోయింది కదా! బతికిందిగా మరి!" అన్నాడు వైనో. "నువ్వొక్కదానివే ఉన్నావు. ఎవరు చూశారే అమ్మాయ్, తెడ్డు తీసెయ్."

"గడియారం ఉంది కదా బాబాయ్. అయినా అది బతికిందని నీకెవరు చెప్పారు? పోయిందన్నాను. అంతవరకే నాకు తెలుసు."

అప్పుడు భుజం సంగతి, తేలిక కర్ర సంగతి కూడా చెప్పింది. డెల్ ఏదో అనబోతుంటే చెయ్యి చూపించి ఆపింది.

"మందపాటి కర్ర నేను లేపలేను. సన్నటి కర్ర చేపని చంపుతుంది. ఈ రెండు వారాల్లో దీనికి ఒక దారి చూస్తాను. దారి దొరికితే ఇంకొక్క పెద్ద చేప. అది అరగంటలో వదిలానా, సరే. వదలలేకపోతే పడవ అమ్మేసి, రేవు మీద కూర్చుని ఫ్లౌండర్ల లాంటి చిన్న చేపలు పట్టుకుంటాను. అప్పుడు బతిమాలడాలు వద్దు."

ఇల్మా బెదిరింపులు చెయ్యదు. చెప్పిందంటే చేస్తుందని మాకు తెలుసు. ఆ కయాక్ మీద కాకుండా ఇంకెక్కడా ఆమెని ఊహించుకోవడం మాకు చేతకాదు. ఆ సాయంత్రం డెల్ నన్ను పక్కకి పిలిచి, "ఆవిడ రేవు మీద కూర్చుంటే మనల్ని బతకనివ్వదు ఎన్సియో. ఒడ్డు మీంచి అరుస్తుంది," అన్నాడు. నవ్వాడు కానీ మొహం బాగాలేదు.

దారి సౌనాలో దొరికింది. ఇల్మా ఇంటి వెనక చెక్క సౌనా, అంటే ఫిన్లండ్ వాళ్ళ ఆవిరి స్నానాల గది, ఉంది. పదో రోజున దాని పైకప్పుకి పట్టిన మసి కడుగుదామని పొడుగు కర్ర బ్రష్ తీసుకుంది. రెండు తోపులకే భుజం అరిచింది. బ్రష్ విసిరికొట్టి, బల్ల ఎక్కి, పొయ్యి తుడిచే జానెడు బ్రష్‌తో తోమింది. తొమ్మిది చెక్కలు తోమేదాకా భుజం గుర్తు రాలేదు. బల్ల దిగకుండానే ఆగి ఆలోచించిందట.

గంటలో నా షెడ్డుకి వచ్చింది. చేతిలో అటక మీది మందపాటి కర్ర, ఎనిమిదడుగులది.

"స్ప్రింగు త్రాసు ఉందా?"

ఉంది. ఒక కొస నేలకి బిగించిన కొక్కేనికి తగిలించాం. రెండో కొసకి దారం. ఇల్మా కుర్చీలో పడవలో కూర్చున్నట్టు కూర్చుని కర్ర లేపింది. త్రాసు ముల్లు తొమ్మిది పౌన్ల దగ్గరికి వచ్చేసరికి మొహం తెల్లబోయింది. ఆపేసింది. తర్వాత దారాన్ని కర్ర చివర నుంచి కాకుండా, చివర నుంచి రెండున్నర అడుగులు లోపలున్న దారపు రింగులోంచి తీసింది. మళ్ళీ లేపింది. పది. పన్నెండు. పద్నాలుగు.

"చాలు, భుజం జాగ్రత్త," అన్నాను.

"భుజం నొప్పి లేదు. అదే చెప్తున్నాను." కర్ర దించి దాని చివర వైపు చూసింది. "కర్ర బరువు కాదు ఎన్సియో నా ఇబ్బంది. పొడుగు. ఆ చివర నాకెంత దూరంలో ఉంటే చేప నన్నంత వంచుతుంది. ఇన్నాళ్ళూ కర్ర నా చేతిలో ఉందనుకున్నాను. సగం దాని చేతిలో ఉంది. రంపం ఇవ్వు."

మంచి కర్ర అది. పదేళ్ళుగా వాడింది. నేను రంపం తెచ్చాను కానీ ఇవ్వడానికి కొంచెం వెనకాడాను. ఇల్మా కొలిచి, కొయ్యాల్సిన చోట టేపు చుట్టి, రంపం లాక్కుని కోసేసింది. ఫైబర్ ముక్క నేల మీద పడింది. అంచు గరుకుకాగితంతో రాసి, దారం పోయే కొత్త ఉక్కు రింగు జిగురుతో అతికించింది. మొత్తం గంట పని.

సాయంత్రం డెల్ వచ్చి కర్ర చూసి గట్టిగా నవ్వాడు.

"ఇదేంటి వదినా, పొయ్యి ఊదే గొట్టమా?"

"నవ్వు అయ్యాక తప్పేముందో చెప్పు."

డెల్‌కి మాటలెక్కువ గానీ పని తెలియనివాడు కాదు. కర్ర చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "పడవ ముక్కు దాటదు. చేప పడవ కిందనుంచి అవతలికి పోయిందనుకో, కర్ర చివర ముక్కు చుట్టూ తిప్పాలి. అందుకే కదా అందరం పొడుగువి వాడేది. ఇది పొట్టిది. దారం పడవ అడుగున రాసుకుని తెగుతుంది. లేదా నువ్వే తిరగబడతావ్."

"నిజమే," అంది ఇల్మా.

ఆ రాత్రి ఆమె నిద్రపోయిందో లేదో నాకు తెలియదు. మర్నాడు పొద్దున మాత్రం ఇద్దరికీ ఫోన్ చేసి యంగ్స్ బే ఒడ్డుకి రమ్మంది. తెడ్డు గోడ మీదే ఉంది కాబట్టి లోతుకి వెళ్ళకూడదు. మోకాలి లోతులో పడవ పెట్టుకుని కూర్చుంది. ముందుకి కాదు, అడ్డంగా. రెండు కాళ్ళూ ఒకే వైపు నీళ్ళలోకి వేలాడేసి, గట్టు మీద కూర్చున్నట్టు.

"మరిదీ, ఈ దారం నడుముకి కట్టుకో. నువ్వు చేపవి."

"ఏంటీ?"

"చేపవి. పరిగెత్తు."

అరవై ఒక్కేళ్ళ డెల్, తొంభై అయిదు కిలోల మనిషి, నడుముకి దారం కట్టుకుని ఒడ్డు వెంబడి నీళ్ళు చిమ్ముకుంటూ పరిగెత్తాడు. కుక్కని తిప్పుతున్న ఒకావిడ ఆగి చూసింది. అడ్డంగా ఉన్న పడవ తిన్నగా ఉన్నట్టు సులువుగా రాలేదు. నీళ్ళని పక్కతో నెట్టుకుంటూ బ్రేకులా వేలాడింది. డెల్ ముక్కుతున్నాడు. ఇల్మా కర్ర ఒళ్ళోనే ఉంది, భుజం ఎత్తలేదు. డెల్ పడవ వెనక నుంచి చుట్టి అవతలి వైపుకి పోయాడు. ఇల్మా మోకాళ్ళు మడిచి, కూర్చున్నచోటే గిర్రున తిరిగి, కాళ్ళు అవతలి వైపు వేసింది. ముక్కు చుట్టూ కర్ర తిప్పే అవసరమే రాలేదు. మొదటిసారి తిరిగినప్పుడు పడవ ఊగి నీళ్ళలో పడింది. రెండోసారి కూడా పడింది. నాలుగోసారికి కుదిరింది. ఆ తర్వాత ఇరవైసార్లు తిరిగింది.

పన్నెండు నిమిషాలకి చేప మోకాళ్ళ మీద కూలబడింది.

"గాలం తియ్యి వదినా! పట్టినదాన్ని వదిలెయ్యాలని కట్టుబాటు పెట్టింది నువ్వే కదా!"

"నీళ్ళలోంచి పైకి తియ్యకూడదని కూడా పెట్టాను. అక్కడే కాసేపు మొప్పలు ఆడించు."

జులై మొదటి ఆదివారంతో రెండు వారాలు నిండాయి. ఇల్మా వైనో కొట్టు తెరవకముందే వచ్చి మెట్ల మీద కూర్చుంది. తెడ్డు తీసుకుని, నెత్తళ్ళ డబ్బా ఒకటి, ఇసుక రొయ్యలు కొన్ని కొనుక్కుంది. మేం ముగ్గురం పొద్దున ఆరున్నరకి నీళ్ళలోకి దిగాం. ఇల్మా ఇసుక మేటకి పక్కన, పదడుగుల లోతున్న కాలవ అంచున లంగరు వేసింది. నేనూ డెల్లూ చెరో వైపు.

ఏడూ నలభైకి ఆమె కర్ర చివర రెండుసార్లు వంగి లేచింది. స్టర్జన్ అలాగే తింటుంది, తాపీగా, ముసలావిడ రొట్టె నవిలినట్టు. ఇల్మా ఆగింది. మూడోసారి వంగినప్పుడు కర్ర లాగింది. ఎడం చెయ్యి అప్పటికే పిన్ను లాగేసింది. బెండు నీళ్ళ మీద ఊగుతోంది, పడవ కదిలిపోతోంది.

"ఏడూ నలభై ఒకటి!" అని అరిచాడు డెల్.

చేప ముందు ఎటు పోతుందో చూసుకుని ఇల్మా కాళ్ళు అటు వేసింది. పడవ అడ్డం తిరిగింది. చేప లాగింది. మేం మా బెండ్లు వదిలి వెనకాలే తెడ్లు వేశాం. ఎనభై పౌన్ల దారం నీళ్ళని కోస్తూ సన్నగా పాడుతోంది. కర్ర ఇల్మా ఒడి దాటి పైకి లేవలేదు. చేప ఆగినప్పుడు నడుం వెనక్కి వంచి రెండు చుట్లు చుట్టేది. లాగినప్పుడు ఊరుకునేది. పదో నిమిషంలో చేప నీళ్ళలోంచి సగం పైకి లేచి పక్కకి పడింది. ఆ చప్పుడుకి మేట మీది పక్షులన్నీ లేచిపోయాయి.

"వదినా, నా చేప కన్నా పెద్దది!"

"ఇప్పుడొప్పుకున్నావా నీది చిన్నదని!"

పదహారో నిమిషంలో అది ఇల్మా పడవ కిందకి దూరింది. మేం భయపడింది దీనికే. దారం పడవ అంచుకి తగిలి గీసుకుంది. ఇల్మా కర్ర మొనని నీళ్ళలోకి గుచ్చి, మోకాళ్ళు గుండెకి లాక్కుని, గిర్రున తిరిగింది. పడవ ఒకవైపు బాగా వాలింది.  కాళ్ళు అవతల నీళ్ళలో పడ్డాయి. పడవ నిలబడింది. దారం పడవకి తగలకుండా నీళ్ళలో తిన్నగా ఉంది.

"ఇరవై!" అన్నాడు డెల్. కాసేపటికి, "ఇరవై రెండు!" మళ్ళీ, "ఇరవై మూ—"

"నోరుముయ్యి మరిదీ. నాకూ గడియారముంది."

ఇరవై అయిదో నిమిషంలో చేప పడవ పక్కకి వచ్చింది. పడవ అంచు మీద అడుగుల లెక్కన రంగుతో గీసిన గీతలున్నాయి. చేప ముక్కు గీతలు మొదలయ్యే చోట, తోక ఎనిమిదడుగుల గీత దాటి. బూడిదరంగు వీపు, దాని మీద ముసలి చెట్టు బెరడులా పలకలు. మొప్పలు బాగా ఆడుతున్నాయి. పొట్ట తెల్లగానే ఉంది. గాలం మాత్రం పెదవి మూల లోతుగా దిగింది. ఇల్మా పట్టకారు వేసింది. జారింది. మళ్ళీ వేసింది. చేప తల విదిల్చి ఆమె చెయ్యిని భుజం దాకా లాగింది. ఆమె మూలిగింది, వదల్లేదు. ఇరవై ఏడు. కుడి చేత్తో కాదని పట్టకారు ఎడం చేతికి మార్చుకుంది. ఒక్క మెలిక తిప్పింది. గాలం వచ్చేసింది.

తోక మొదలు పట్టుకుంది, తల ప్రవాహానికి ఎదురుగా. ఈసారి పట్టుకోవాల్సిన పనే లేకపోయింది. చెయ్యి పడీ పడగానే చేప తోక ఝాడించింది. ఇల్మా మొహం నిండా నీళ్ళు కొట్టి, లోతులోకి, తను అనుకున్న చోటికి, బాణంలా పోయింది. నీళ్ళ మీద సుడి ఒకటి తిరిగి ఆగిపోయింది.

"ఇరవై ఏడున్నర!" అని డెల్ తెడ్డు గాల్లోకి ఎత్తాడు. "వదినా! ఇరవై ఏడున్నర!"

"ఇరవై ఎనిమిదీ పైన. గాలం తగిలిన దగ్గర్నుంచి లెక్క, నువ్వు అరిచిన దగ్గర్నుంచి కాదు."

మొహం తుడుచుకుని, కాళ్ళు పడవలోకి తీసుకుని తిన్నగా కూర్చుంది. భుజం ఒకసారి గుండ్రంగా తిప్పి చూసుకుంది. తల ఊపింది. దూరంగా ఊగుతున్న తన బెండు వైపు తెడ్డు వెయ్యడం మొదలుపెట్టింది.

"ఇంటికి కాదా?" అన్నాడు డెల్. "వైనో బాబాయ్‌కి చెప్పాలి కదా! సిల్వికి చెప్పాలి!"

"చెబుదువుగాని. నువ్వు చెబితే ఎలాగూ పన్నెండడుగుల చేప అవుతుంది. పోటు ఇంకా రెండు గంటలుంది," అంది ఇల్మా, వెనక్కి తిరక్కుండా. "నా నెత్తళ్ళ డబ్బా నీ పడవలోనే ఉండిపోయింది. ఇలా విసురు."